కాళ్ళు చాపుకునేంత చోటు (ఆదివారం రాతలు – 27)

పోయిన ఆదివారం రాయలేదు. ఒంట్లో బాగాలేదా అని చాలామంది ఇన్‌బాక్సులో అడిగారు. ఒంట్లో బాగానే ఉంది. రాయాల్సిన విషయంలో నా తప్పు ఒకటుంది. అది బయటపెట్టాలా వద్దా అని వారమంతా గింజుకున్నాను. అది దాచి పెడితే ఇంతకుముందు రాసిన 26 భాగాలకీ విలువ లేదనిపించింది. అందుకే ఈ రోజు రాస్తున్నా. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక పాము సంగతి చెప్పాలి.

మా చిన్నాన్న కొడుకు బెర్లిన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. పల్నాడులోని మా మాదిగపల్లె నుంచి విమానం ఎక్కిన మొదటి మనిషి వాడే. నలుగురు కలిసి ఒక ఫ్లాటులో అద్దెకుంటారు. అందులో ఒక జర్మన్ కుర్రాడు పాముని పెంచుతున్నాడు. బాల్ పైథాన్ అంటారు. పశ్చిమ ఆఫ్రికా వైపు కొండచిలువ, విషం లేదు, భయపడితే బంతిలా చుట్టుకుపోతుంది. ఒక రాత్రి మావాడు వీడియో కాల్ చేశాడు. చూస్తే చేతిలో దారం, పక్కన టేపు.

"ఏందిరా అది?"

"పాముని కొలుస్తున్నామక్కా."

"పాముని కొలవడమేందిరా?"

"పెరిగిందంట. పాత అద్దాలపెట్టె సరిపోదంట. ఇప్పుడు ఎంత పొడుగుందో చూసి దాన్నిబట్టి కొత్తది కొనాలి. రూలుందక్కా ఇక్కడ."

నేను నవ్వాను. వాడు నవ్వలేదు. రెండు రోజుల తర్వాత ఆ రూలు కాగితాన్ని తర్జుమా చేయించి పంపాడు. డిగ్రీ పిల్లలకి ఛందస్సు చెప్పుకునేదాన్ని, ఆ రాత్రి కూర్చుని జర్మనీ వాళ్ళ పాముల లెక్కలు చదివాను.

సంగతి ఇదీ. జర్మనీ జంతు సంరక్షణ చట్టంలో రెండో సెక్షన్ ఒకటుంది. జంతువుని పెంచే మనిషి దాని జాతికీ, దాని అవసరాలకీ తగ్గట్టు తిండి పెట్టాలి, చూసుకోవాలి, వసతి ఇవ్వాలి. దానికి నొప్పో, తప్పించగలిగిన బాధో కలిగేలా దాని కదలికను కట్టడి చేయకూడదు. ఈ మాట వినడానికి బాగుంటుంది గానీ అమలు చేసేదెట్లా? "తగినంత" అంటే ఎంత? అందుకని 1997 జనవరి 10న అక్కడి కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ నిపుణుల చేత రాయించిన నివేదిక ఒకటి వచ్చింది. పాములు, బల్లులు, తాబేళ్ళు, ఒక్కో జాతిని పెంచడానికి కనీసం ఎంత చోటుండాలో అందులో పట్టికలు వేశారు. అది నేరుగా చట్టం కాదు. కానీ చట్టంలో ఉన్న "తగినంత" అనే మాటకి అర్థం చెప్పాల్సి వచ్చినప్పుడు అధికారులూ కోర్టులూ దాన్నే ముందు పెట్టుకుంటారు.

నన్ను పట్టుకున్నది ఆ కొలత వేసిన పద్ధతి. అందులో పెట్టె కొలత మీటర్లలో ఉండదు, జంతువు ఒంటి పొడుగులో ఉంటుంది. బాల్ పైథాన్ అయితే పెట్టె పొడుగు పాము పొడుగుకి 1 రెట్టు, వెడల్పు 0.5, ఎత్తు 0.75. బియర్డెడ్ డ్రాగన్ అనే తొండలాంటి దానికి తోక వదిలేసి మిగతా ఒంటి పొడుగుకి 5 రెట్ల పొడుగు, 4 రెట్ల వెడల్పు, 3 రెట్ల ఎత్తు. నేల తాబేలుకైతే డొప్ప పొడుగుకి 8 రెట్లు, 4 రెట్లు. ఈ కొలతలు రెండేసి జంతువుల దాకా. అంతకన్నా ఎక్కువుంటే చోటు ఇంకా పెంచాలి.

అంటే కొలబద్ద ఆ ప్రాణి ఒళ్ళే. అది పెరిగితే దాని చోటూ పెరగాలి. మావాడి ఫ్లాటులో పాము 120 సెంటీమీటర్లకి వచ్చింది. కాబట్టి పెట్టె 120 పొడుగు, 60 వెడల్పు, 90 ఎత్తు. ఆ కుర్రాడు డబ్బులు కూడబెట్టుకుని కొన్నాడు.

అది చదివి పడుకోబోయాను. నిద్ర పట్టలేదు. లేచి నా లెక్క నేను వేసుకున్నాను.

మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా నేను ఆడపిల్లల సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదివాను. మంచాలు లేవు. నాపరాళ్ళ నేల. ఒక్కో రాయి రెండడుగుల చదరం. గోడ వారగా ట్రంకుపెట్టె, పెట్టె ముందు రెండున్నర రాళ్ళ పొడుగు, ఒక రాయి వెడల్పు. అదే నా చోటు. రాయికీ రాయికీ మధ్య ఉన్న సున్నం గీతే మా సరిహద్దు. ఆ గీత మీద ఎన్ని తగాదాలో! చెయ్యి పడితే తగాదా, జడ పడితే తగాదా.

సెంటీమీటర్లలో అయితే 150 పొడుగు, 60 వెడల్పు. ఎనిమిదో తరగతిలో నా ఎత్తు 140. జర్మనీ పట్టిక ప్రకారం నా పొడుగున్న బాల్ పైథాన్‌కి 140 పొడుగు, 70 వెడల్పు పెట్టె కావాలి. నాది 9,000 చదరపు సెంటీమీటర్లు. పాముది 9,800.

మిత్రులారా, అబద్ధం ఎందుకు, ముందు నాకు కోపమే వచ్చింది. అప్పటికప్పుడు పోస్టు కూడా రాసుకున్నాను. "జర్మనీ పాముకున్నంత చోటు కూడా ఇండియాలో దళిత బిడ్డకి లేదు" అని. అది పెడితే వెయ్యి లైకులు ఖాయం. ఇట్లాంటి పోలికలు మనకి కొత్త కాదు. జాషువా 1941లో గబ్బిలం రాసింది ఈ పోలిక మీదే కదా. గుడిలోకి వెళ్ళడానికి గబ్బిలానికి అడ్డు లేదు, దాన్ని తన కబురు మోసుకుపొమ్మన్న మనిషికే అడ్డు. నా పీహెచ్‌డీలో ఒక అధ్యాయం అంతా దాని గురించే.

కానీ పోస్టు పెట్టలేదు. పొద్దున లేచి చూసుకుంటే నా పోలికలో బొక్కలు కనపడ్డాయి. ఆ పాము 24 గంటలూ అదే పెట్టెలో ఉంటుంది. నాకు బడి ఉంది, గ్రౌండు ఉంది, హాస్టల్ వెనక చింతచెట్టు ఉంది. పైగా ఆ కొలత రెండు పాములకి సరిపోతుందంటున్నారు, నా చోటు నా ఒక్కదానిదే. నేను నా పక్షాన మాత్రమే లెక్క కట్టుకున్నాను. అదీగాక ఆ పాము నాకేం చేసింది? దాని చోటు తగ్గిస్తే నాపరాయి వెడల్పవుతుందా? కుక్కకి బిస్కెట్లు పెడతారు మాకు గంజి లేదు అనే మాట మనం చాలాసార్లు అంటాం. బాధ నిజమే. కానీ ఆ మాట కుక్కకీ మనకీ మధ్య పోటీ పెట్టి, వడ్డించేవాణ్ణి పక్కకి తప్పిస్తుంది.

అందుకని పోలిక వదిలేసి, వాళ్ళు ఆ కొలతకి ఎట్లా వచ్చారో చూద్దామని మళ్ళీ చదివాను. అక్కడ నాకు అసలు సంగతి దొరికింది.

పాముకి మనలాగా ఒంట్లో వేడి పుట్టదు. బయటి వేడితోనే దాని అరుగుదల, కదలిక, జబ్బుని తట్టుకునే శక్తి. అందుకే పెట్టెలో ఒక కొస వెచ్చగా, రెండో కొస చల్లగా ఉంచాలి. పాము తనకి కావాల్సినప్పుడు ఇటు వస్తుంది, చాలనుకుంటే అటు పోతుంది. పెట్టె మరీ చిన్నదైతే రెండు కొసలూ ఒకే వేడికి వస్తాయి. పాము ఎటు జరిగినా ఒకటే. అంటే చోటు ఉండాల్సింది పడుకోడానికే కాదు, కావాల్సింది ఎంచుకోడానికి కూడా. ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

హాస్టల్లో మాకు లేనిది అదే. పడుకోడానికి ఎట్లాగో పడుకున్నాం. దీపం కింద చదువుకుందామంటే పక్కది నిద్రపోతుంటుంది. బట్టలు మార్చుకోవాలంటే ఇద్దరు దుప్పటి పట్టుకుని నిలబడాలి. బయటున్న రోజుల్లో ఒక మూల కూర్చుందామంటే మూలన్నదే లేదు. జ్వరం వచ్చిన పిల్లా, జ్వరం లేని పిల్లా ఒకే గీత మీద.

పాములు అమ్ముకునే వాళ్ళలో ఇంకో వాదం ఉంది. బాల్ పైథాన్లని పెద్ద ఎత్తున పెంచి అమ్మేవాళ్ళు వాటిని బీరువా అరల్లాంటి ప్లాస్టిక్ డ్రాయర్లలో పెడతారు. అదేమంటే, "అడవిలో అవి చెదపుట్టల్లో, ఎలుక బొరియల్లో ఉంటాయి. ఇరుకు వాటికి అలవాటే. పెద్ద చోటిస్తే బెదిరిపోతాయి" అంటారు. పాము ఎప్పుడూ చుట్టుకునే ఉంటుంది కాబట్టి ఒళ్ళు చాపేంత పొడుగు అక్కర్లేదని కూడా అంటారు. 2019లో కొందరు పరిశోధకులు అదెంత నిజమో చూద్దామని వేర్వేరు జాతుల పాముల్ని ఒక్కోదాన్ని గంటసేపు గమనించారు. ఆ గంటలోనే మూడో వంతుకి పైగా పాములు ఒళ్ళు తిన్నగా, దాదాపు తిన్నగా చాపుకున్నాయి. చోటున్నప్పుడు చాపుకున్నాయి. చోటు లేని డ్రాయర్లో చుట్టుకుని పడుకున్నదాన్ని చూపించి, దానికి చుట్టుకోవడమే ఇష్టం అని చెప్తున్నారు.

ఈ "అలవాటే" అన్న మాట నాకు బాగా తెలుసు. నేను దాన్ని మొదట విన్నది ఎనిమిదో తరగతిలో.

వానాకాలం. రాత్రి కరెంటు పోయింది. ఎవరో "పాము" అని అరిచారు. మా పల్నాడు పిల్లలకి కట్లపాము గురించి ఒకరు చెప్పక్కర్లేదు. అది రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళ పక్కలోకి వస్తుంది, కుట్టింది కూడా ఒక్కోసారి తెలీదు. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో 12 లక్షల మంది చనిపోయి ఉంటారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా. ఎక్కువమంది పల్లెటూళ్ళ వాళ్ళే. మంచమున్నవాడికీ లేనివాడికీ తేడా కట్లపాముకి తెలుసు.

ఆ రాత్రి మేం లేచి పరిగెత్తబోయాం. ఎటు పరిగెత్తాలి? ఒకరి కాళ్ళు ఒకరి మీద. ఒకమ్మాయి ట్రంకుపెట్టె అంచు మీద పడి గడ్డం చీరుకుంది. మూడు కుట్లు. వాచ్‌మన్ వచ్చి పాముని కొట్టాడు. అది ఎవర్నీ కరవలేదు. ఆ రాత్రి మాకు దెబ్బ తగిలింది పాము వల్ల కాదు.

పొద్దున వార్డెన్ మేడంతో పదో తరగతి అక్కలు అన్నారు, "మేడం, మంచాలన్నా ఇప్పించండి, లేకపోతే వరండా మూసి అక్కడ సగం మందినన్నా పడుకోనివ్వండి" అని. ఆవిడ చెడ్డ మనిషి కాదు. పరీక్షలప్పుడు సొంత డబ్బుతో మాకు పాలు పోయించిన మనిషి. ఆవిడన్న మాట ఇదీ: "మీ ఇళ్ళల్లో మాత్రం మంచాలున్నాయా? మీకు అలవాటేగా." గుమ్మం దగ్గర వెల్లుల్లి నీళ్ళు చల్లించింది. అంతటితో అయిపోయింది.

ఇప్పుడు నా తప్పు చెప్తాను.

నేను పనిచేసే కాలేజీ పేరు రాయను. ఆడపిల్లల హాస్టల్ ఉంది. ఎక్కువమంది ఎస్సీ, ఎస్టీ పిల్లలే. పోయిన జూన్‌లో హాస్టల్ కమిటీలో నా పేరు వేశారు. గర్వపడ్డాను కూడా. హాస్టల్ పిల్ల హాస్టల్ కమిటీకి వచ్చింది అని అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. కొత్త సంవత్సరానికి ఒక కాగితం వచ్చింది. "వసతి సంతృప్తికరంగా ఉన్నది" అని టైపు చేసి ఉంది. కింద అయిదుగురి పేర్లు. నలుగురు సంతకాలు పెట్టారు. నేనూ పెట్టాను. గది చూశాను కూడా. చూసే పెట్టాను.

జూలైలో మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతి స్టాఫ్ రూం బయట నిలబడింది. "మేడం, రాత్రి బాత్రూంకి లేవాలంటే ఎవరో ఒకరి చెయ్యి తొక్కుతున్నాను. తిడుతున్నారు. అందుకని సాయంత్రం నుంచి నీళ్ళు తాగట్లేదు" అంది. నేను ఆ పిల్ల తలమీద చెయ్యి వేసి, ప్రేమగానే, ఏమన్నానో తెలుసా?

"మేమూ అట్లానే చదువుకున్నాం తల్లీ. అలవాటైపోద్ది."

సెప్టెంబర్లో ఆ అమ్మాయి టీసీ తీసుకుని వెళ్ళిపోయింది. కారణం అన్న చోట "స్వంత కారణాలు" అని రాసి ఉంది. చోటు లేకే వెళ్ళిందని నేను చెప్పలేను. ఇంట్లో పెళ్ళి ప్రయత్నాలున్నాయని కూడా విన్నాను. కానీ ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి చెప్పింది నీళ్ళ గురించి. నేను విన్నది నా బాల్యం గురించి. నా కష్టాన్ని కొలబద్ద చేసి ఆ పిల్లని కొలిచాను. నేను ఓర్చుకున్నాను కాబట్టి నువ్వూ ఓర్చుకో. ఇది మా వార్డెన్ అన్నదానికంటే ఘోరం. ఆవిడ మాది కాని వీధి నుంచి వచ్చి అన్నది. నేను ఆ నాపరాళ్ళ మీద పడుకుని లేచి వచ్చి అన్నాను.

మావాడి వీడియో కాల్ వచ్చేదాకా ఇది నాకు తప్పనిపించలేదు. అదీ నా సిగ్గు.

తర్వాతి శనివారం టేపు కొనుక్కుని హాస్టల్‌కి వెళ్ళాను. పిల్లలు నవ్వారు. "మేడం, బట్టలు కుట్టిస్తారా?" అన్నారు. ఇద్దరు టేపు కొసలు పట్టుకున్నారు, ఒకమ్మాయి నోటుబుక్కులో రాసింది. హాలు 30 అడుగులు, 20 అడుగులు. ఎత్తు 11. పడుకునేవాళ్ళు 62 మంది.

600 చదరపు అడుగుల్ని 62 మందికి పంచితే తలకి తొమ్మిదిన్నర అడుగులు దాటి కొంచెం. మీటర్లలో 0.9. ఇంటికొచ్చి నా పాత లెక్క తీశాను. 150 సెంటీమీటర్లు, 60 సెంటీమీటర్లు. 0.9 చదరపు మీటర్లు. ఇరవై రెండేళ్ళ తర్వాత, వేరే ఊళ్ళో, వేరే హాస్టల్లో, అదే అంకె. నేను పీహెచ్‌డీ చేశాను, ఉద్యోగం తెచ్చుకున్నాను, పాఠాలు చెప్తున్నాను. నాపరాయి మాత్రం అంగుళం జరగలేదు.

ఈ అంకెలు పట్టుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను. సార్ మర్యాదస్తుడు. కూర్చోబెట్టి విన్నారు. విని రెండు ప్రశ్నలడిగారు.

మొదటిది: "రూలెక్కడుందమ్మా? తలకి ఇంత అని రూలు చూపించండి, నేను పైకి రాస్తాను."

వేరేవాళ్ళ రూళ్ళు చూపించాను. మన దేశం మోడల్ ప్రిజన్ మాన్యువల్ ప్రకారం బ్యారక్‌లో పడుకునే ఖైదీకి 3.71 చదరపు మీటర్ల నేల ఉండాలి. ఆ లెక్కన మా హాల్లో 15 మందే పట్టాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం 16వ సెక్షన్‌లో పనిచేసే చోట కార్మికుడికి 14.2 ఘనపు మీటర్ల చోటుండాలని ఉండేది. మా పిల్లలకి వచ్చేది 3. బెర్లిన్ నగర చట్టంలో ఇంట్లో తలకి 9 చదరపు మీటర్లు, ఆరేళ్ళలోపు పిల్లలకి 6. జైళ్ళలో కూడా రూలు సరిగా అమలు కావట్లేదని నాకు తెలుసు. 2022లో 100 మంది పట్టే చోట 131 మంది ఉన్నారని ఎన్‌సీఆర్‌బీయే చెప్పింది. కానీ ఆ 131 అన్న అంకె ఎక్కడిది? 100 అని ఒక హద్దు రాసి ఉంది కాబట్టి వచ్చింది. హద్దు రాసి ఉంటేనే దాటారని చెప్పగలం. మా హాలు గుమ్మం మీద ఏ హద్దూ రాసి లేదు. అందుకే అది ఎప్పటికీ నిండదు.

రెండో ప్రశ్న: "మీ లెక్క ప్రకారం 15 మందినే ఉంచితే మిగతా 47 మందిని ఇంటికి పంపాలి. పంపమంటారా?"

మిత్రులారా, ఆ ప్రశ్నకి నేను ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే అది బెదిరింపు కాదు, నిజం. చోటు లేదని సీట్లు తగ్గిస్తే పోయేది మన పిల్లలే. నాకు ఆ నాపరాయి కూడా దొరక్కపోయుంటే ఈ రోజు మీకు ఈ రాతలు లేవు. మిరపకోతలకి పోయేదాన్ని. ఇరుకైనా సరే, చదువు దొరికితే చాలు అని మన అమ్మానాన్నలు అనుకున్నారు. వాళ్ళనుకున్నది తప్పు కాదు. ఆ తలుపు మూతపడకూడదనే భయంతోనే మనం చోటు గురించి ఎప్పుడూ నోరెత్తలేదు. నేను సంతకం పెట్టిందీ సగం ఆ భయంతోనే.

ఇంటికొచ్చి మళ్ళీ ఆ జర్మనీ కాగితం తీశాను. ఆ పాము పెరిగినప్పుడు ఏం జరిగింది? పెట్టె సరిపోలేదని పాముని తగ్గించలేదు. పెంచేవాడే పెట్టె మార్చాడు. రూలు కట్టేసింది పాముని కాదు, పెంచేవాణ్ణి. కొలత ఎప్పుడూ ఇచ్చేవాడి మెడకి ఉండాలి, తీసుకునేవాడి మెడకి కాదు. ఇక్కడ కొలత అనగానే సార్‌కి తోచింది పిల్లల్ని తగ్గించడం. గది కట్టించడం తోచలేదు. ఆయన ఒక్కడి తప్పు కాదిది. కొలతంటే మనల్ని తగ్గించడమనే ఈ దేశానికి పాత అలవాటు.

కొలతలు మనకి లేక కాదు. కేరళలో నంబూద్రి బ్రాహ్మడికి తీయ కులంవాడు 36 అంగల దూరంలో, పులయవాడు 96 అంగల దూరంలో ఆగాలని ఆచారం ఉండేది. అంగలు లెక్కపెట్టి మరీ. మా ఊళ్ళో అంగలు లెక్కపెట్టలేదు గానీ పల్లె ఎక్కడ మొదలవ్వాలో, బావికి ఎంత ఎడంగా నిలబడాలో, గ్లాసు ఎంత ఎత్తు నుంచి నీళ్ళు పోయాలో అందరికీ తెలుసు. మన ఒళ్ళు ఎదుటివాడికి ఎంత దూరంలో ఉండాలో ఈ సమాజం వేల ఏళ్ళు కొలిచింది. మన ఒంటికి ఎంత చోటు కావాలో ఒక్కసారీ కొలవలేదు. ఇప్పుడు ఇస్తున్న చోటు కూడా అంతే. మన రాష్ట్రంలో ఇళ్ళ పట్టాలిచ్చినప్పుడు పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు అన్నారు. సెంటంటే 48 గజాలు. ఇంట్లో ముగ్గురా, తొమ్మిది మందా అని ఆ సెంటు అడగదు. ఇచ్చినందుకు కాదనను. కానీ అది ఇచ్చేవాడి చేతిని బట్టి వేసిన కొలత. ఉండేవాడి ఒంటిని బట్టి వేసింది కాదు.

జర్మనీని నెత్తిన పెట్టుకోమని నేను చెప్పడం లేదు. అక్కడ కూడా "కనీసం ఇంత" అన్న అంకెనే "ఇంత చాలు" అని వ్యాపారులు వాడుకుంటారని మావాడే చెప్పాడు. రాసిన ప్రతి కనీసానికీ ఆ ప్రమాదం ఉంది. అయినా రాయించుకోవాలి. రాసిన అంకె మీద పోట్లాడొచ్చు. రాయని దయ మీద పోట్లాడలేం.

పోయిన వారం కమిటీ కాగితం మళ్ళీ వచ్చింది. అదే టైపు. "వసతి సంతృప్తికరంగా ఉన్నది." ఈసారి సంతకం పెట్టలేదు. పక్కన పెన్నుతో రాశాను: "హాలు 600 చదరపు అడుగులు. ఉన్నవారు 62 మంది. 62 మందీ ఉండాలి. చోటు చాలదు. ఇంకో మూడు హాళ్ళు కావాలి." కింద తేదీ వేశాను. మూడు హాళ్ళు కలిస్తే నాలుగు. నాలుగు హాళ్ళంటే జైలు లెక్కకి దగ్గరికొస్తాం, అంతే. నేనడిగింది రాజభవనం కాదు.

ఏమవుతుందో తెలీదు. వచ్చే ఏడాది కమిటీలో నా పేరుండదని ఒక సహోద్యోగి చెవిలో చెప్పారు. ఉండకపోతే పోయె. ఆ పేజీ ఫోటో నా దగ్గరుంది. ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేస్తాను. క్షమించమని అడగాలి. రమ్మని కూడా అడగాలి. ఈ రెండింట్లో ఏది ముందడగాలో ఇంకా తేలలేదు.

ఇక మీకు ఒక పని. ఇది చదివేవాళ్ళలో హాస్టల్లో ఉన్న పిల్లలున్నారు, వార్డెన్లున్నారు, టీచర్లున్నారు, పిల్లల్ని హాస్టల్లో వేసిన అమ్మానాన్నలున్నారు. అందరూ ఒక టేపు కొనండి. గది పొడుగు, వెడల్పు, ఎత్తు, పడుకునేవాళ్ళు ఎంతమంది. నాలుగు అంకెలు, ఊరి పేరు. పిల్లల పేర్లు వద్దు, ఫోటోలు వద్దు. నాకు పంపండి. కొలిచేటప్పుడు టేపు కొస పిల్లల చేతికే ఇవ్వండి. వాళ్ళ చోటు వాళ్ళే కొలుచుకోవాలి. మా హాస్టల్లో కొలత అయిపోయాక, నోటుబుక్కులో రాసిన అమ్మాయి నేల మీద పడుకుని, టేపు పక్కన పెట్టుకుని, కాళ్ళు చాపి చూసుకుంది. "మేడం, నాకు ఇంత కావాలి" అంది.

అంకెలన్నీ ఒకచోట చేర్చి, తలకి ఇంత అని రాసి ఇవ్వమని అడుగుదాం. రూలెక్కడుంది అన్నారు కదా. రాయించుకుందాం.

మిగతాది వచ్చే ఆదివారం.

జై భీమ్.